గాలి పీల్చని ఫిల్టర్

పొగను పట్టబోయే ఫిల్టర్‌ను ముందు మేమే కాలుస్తాం. రెండు అరచేతులు పక్కపక్కన పరిస్తే ఎంత ఉంటుందో అంత తెల్లటి క్వార్ట్జ్ కాగితం అది. మఫిల్ ఫర్నేస్‌లో 550 డిగ్రీల దగ్గర ఐదారు గంటలు ఉంచితే తయారైన చోట, పెట్టెలో, లారీలో దానికి అంటుకున్న కార్బనంతా పోతుంది. క్వార్ట్జ్‌కు ఏమీ కాదు. చల్లారాక, అలాగే కాల్చి ఉంచుకున్న అల్యూమినియం రేకులో చుడతాం. ఇక దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. నేరుగా ప్లాస్టిక్ కవర్లో పెట్టకూడదు. మార్కర్ పెన్నుతో దాని మీద గీత కూడా గీయకూడదు. చేతి జిడ్డులో ఉండేది మనం తిన్న అన్నం, నువ్వుల నూనెల కార్బన్. కవర్లో, మార్కర్ సిరాలో ఉండేది ముడి చమురు కార్బన్. మేం వెతికేది ఆ రెంటికీ మధ్య తేడానే. కాబట్టి ఆ రెండూ మా వైపు నుంచి అందులో పడకూడదు.

నేను శాస్త్రవేత్తను కాను. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, ఒక పరిశోధనశాలలో టెక్నికల్ అసిస్టెంట్‌గా చేరి, 22 ఏళ్లు గాలి నమూనాలు సిద్ధం చేసి, ఆ మధ్యే రిటైరయ్యాను. పుట్టింది విశాఖ వన్‌టౌన్‌లో. డాబా మీద ఆరేసిన తెల్ల పంచెలను మా నాన్న దులిపితే నల్లటి పొడి రాలేది. ఆ పొడి ఎక్కడిదో మాకు అడగకుండానే తెలుసనుకునేవాళ్లం. అడిగి తెలుసుకోవడం ఎంత కష్టమో ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

కట్టె కాలినా, డీజిల్ కాలినా మసి నలుపే. తూకం వేస్తే బరువు తెలుస్తుంది గానీ పుట్టిల్లు తెలియదు. అది చెప్పేది ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. గాలిలో ఉన్న కార్బన్‌లో లక్ష కోట్ల పరమాణువులకు ఒకటి చొప్పున రేడియో కార్బన్ ఉంటుంది. చెట్టు బతికి ఉన్నంతకాలం దాన్ని తీసుకుంటూనే ఉంటుంది. చచ్చాక అది ప్రతి 5,730 ఏళ్లకూ సగం చొప్పున తరిగిపోతుంది. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. అందులో రేడియో కార్బన్ ఒక్క చుక్క మిగలదు. పెట్రోలు, డీజిళ్లదీ అదే సంగతి. నిరుడు కోసిన వరి గడ్డి పొగలో, నిన్న కొట్టిన సరుగుడు కట్టె పొగలో అది నిండుగా ఉంటుంది. ఫిల్టర్ మీద మసిలో ఎంత ఉందో లెక్కపెడితే, ఎంత వంతు పొయ్యిదో, పొలానిదో, ఎంత వంతు బొగ్గుదో, చమురుదో తేలుతుంది. ఈ కొలత పద్ధతికి విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ వచ్చింది. పురావస్తు తవ్వకాల్లో దొరికిన ఎముకల వయసు చెప్పేదీ ఇదే.

దానికి తోబుట్టువు లాంటిది కార్బన్-13. ఇది తరిగిపోదు. వరి ఒక పద్ధతిలో గాలిని ఆహారం చేసుకుంటుంది. చెరకు, జొన్న, మొక్కజొన్న మరో పద్ధతిలో చేసుకుంటాయి. అందువల్ల వరి గడ్డిలో ఈ కొలత మైనస్ 27 దగ్గర ఉంటే చెరకు పిప్పిలో మైనస్ 13 దగ్గర ఉంటుంది. ఒక ప్రామాణిక పదార్థంతో పోలిస్తే వెయ్యికి ఎంత ఎక్కువో, ఎంత తక్కువో అన్న లెక్క అది. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండే రోజుల్లో పొయ్యి కింద మండేది పిప్పే. ఆ పొగ నగరం దాకా వచ్చిందా లేదా అని మనం మాటల్లో వాదించుకోనక్కర్లేదు, ఫిల్టర్‌నే అడగొచ్చు.

కాకపోతే ఫిల్టర్ సాక్షి అయితే ఆ సాక్షిని కోర్టు దాకా చెక్కుచెదరకుండా తీసుకెళ్లేది మా పని. డాబాల మీద పెట్టే మా పంపు నిమిషానికి ఘనమీటరు చొప్పున గాలి పీలిస్తే ఒక పగలూ రాత్రికి 1,440 ఘనమీటర్లు అవుతాయి. దాని నుంచి కాగితం మీద నిలిచేది చిటికెడు కూడా ఉండదు. దాన్ని రేకులో చుట్టి, ఐసు పెట్టెలో తెచ్చి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతాం. అలా పెట్టకపోతే వేడికి కొన్ని పదార్థాలు ఆవిరైపోతాయి, మరికొన్ని బయట తిరిగే ఆవిరుల నుంచి వచ్చి చేరతాయి. తర్వాత స్టీలు పంచ్‌తో ముక్కలు కొట్టి, గాజు డెసికేటర్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం గిన్నె పక్కన ఒక రోజు ఉంచుతాం. మా ఊరి దుమ్ములో సిమెంటు ఉంటుంది, సముద్రపు గుల్లల పొడి ఉంటుంది. వాటిలోని సున్నపు కార్బన్ పొగ కాదు, పొగలా లెక్కలోకి రాకూడదు. ఆమ్లపు ఆవిరి దాన్ని గ్యాసుగా మార్చి పంపేస్తుంది. ఆపైన 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, ముక్కను కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను శుద్ధి చేసి, ఇనుప పొడి మీద హైడ్రోజన్‌తో కలిపి వేడి చేస్తే గ్రాఫైట్ అవుతుంది. ఆవగింజంత నల్ల పొడి. దాన్ని ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ లాంటి చోట యంత్రంలో పెడితే పరమాణువులు ఒక్కొక్కటిగా లెక్కకొస్తాయి. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలోనూ అలాంటి యంత్రం ఉంది. ఆ యంత్రం ఖరీదు కోట్లు. పత్రికల్లో ఫొటో దానిదే వస్తుంది. కానీ అది తనకు ఇచ్చినదాన్నే లెక్కపెడుతుంది. మనం తప్పు ఇస్తే ఆ తప్పునే నాలుగు దశాంశ స్థానాల వరకు లెక్కపెట్టి చూపిస్తుంది.

ఆ తప్పు ఎలా జరుగుతుందో నా చేతుల మీదుగానే చూశాను.

ఒక ఏడాది ఆయుధపూజకు ఎప్పట్లాగే త్రాసుకూ, ఓవెన్‌కూ పసుపు కుంకుమలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. సాంబ్రాణి వేసింది నేనే. పక్క గదిలో ఫ్యూమ్ హుడ్ కింద ఆమ్లం పట్టించిన 11 ఫిల్టర్ ముక్కలు, పోల్చి చూసుకోవడానికి ఉంచిన ఒక బ్లాంకు ఆరుతున్నాయి. తలుపు వారగా తెరిచి ఉంది. హుడ్ ఫ్యాను పని గదిలో గాలినంతా తనవైపు లాగడమే కదా. ధూపం నేరుగా అటే పోయింది. పదిహేను నిమిషాలు కూడా కాలేదు. వాసన కూడా నిలవలేదు. మూడు వారాల తర్వాత కొలతలు వచ్చినప్పుడు బ్లాంకులో ఎప్పుడూ వచ్చేదానికి నాలుగింతల కార్బన్ కనిపించింది. ఆ రోజు ఏం జరిగిందో లాగ్ పుస్తకంలో చూసుకుంటే నా దస్తూరీలోనే ఉంది: ‘పూజ, 11.40’. పదకొండు ముక్కలనూ పక్కన పడేశాం. మూడు నెలల పని అది, డాబాలెక్కిన శ్రమతో కలిపి.

అందులో పోయినది మా శ్రమ ఒక్కటే అయితే ఇప్పుడు ఇక్కడ రాసేదాన్ని కాదు. సాంబ్రాణి చెట్టు బంక. దాన్ని వేసింది కొబ్బరి చిప్పల నిప్పుల మీద. రెండింటిలోనూ నిండుగా రేడియో కార్బన్. ఒక ముక్కలో 60 మైక్రోగ్రాముల కార్బన్ ఉందనీ, అదంతా డీజిల్ పొగేననీ అనుకోండి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. దానికి 6 మైక్రోగ్రాముల ధూపం అంటితే 66లో 6, అంటే 9 శాతం ‘కట్టెల పొగ’ అని కాగితం మీద పడుతుంది. అంటే నేను వేసిన సాంబ్రాణి చోడవరం వైపు పల్లెలో కట్టెల పొయ్యి ఊదుకుంటున్న ఏ ఆడమనిషి ఖాతాలోనో పడేది. లారీలకు, బొగ్గు కుప్పలకు ఆ మేరకు శిక్ష తగ్గేది. నమూనా చెడితే ఏదో కాస్త అటూ ఇటూ అవుతుందిలే అనుకుంటారు చాలామంది. కాదు. చెడిన నమూనా ఒక పక్కకే మొగ్గుతుంది. ఎవరో ఒకరి మీదే నేరం మోపుతుంది.

ఆ 11 ముక్కలూ అబద్ధం చెబుతున్నాయని పట్టించింది పన్నెండోది, ఆ బ్లాంకు. బ్లాంకు అంటే మిగతావాటిలాగే కాల్చి, చుట్టి, డాబా ఎక్కించి, పంపులో బిగించి, పంపు ఆడించకుండా తీసి తెచ్చిన ఫిల్టర్. గాలి పీల్చని ఫిల్టర్. జ్ఞానాపురం దగ్గర ఒక బడి డాబా మీద మా పంపు ఉండేది. అక్కడి వాచ్‌మన్ ఒకసారి నన్ను అడిగాడు: “ఏటమ్మా ఇది, మోటారే ఆడ్లేదు కదా, కాయితం పెట్టి తీసీడమెందుకు?” నా చేతులకీ, సంచికీ, మీ మెట్లకీ అంటుకున్నది ఎంతో తెలియాలి బాబూ, దాన్ని మిగతా కాగితాల్లోంచి తీసెయ్యాలి అన్నాను. అతను ఒక క్షణం ఆలోచించి, “పాల బిందె ధడా తీసినట్టు” అన్నాడు. ఖాళీ బిందె బరువు తీసేయకుండా పాలు తూచితే కొనేవాళ్లెవరూ ఒప్పుకోరు. అంత సూటిగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ తర్వాత ఒకటి రెండేళ్లకు ఒక సమావేశానికి వెళ్లాను. వేదిక మీద పెద్దాయన ఒకరు రంగుల చక్రం చూపించి, నగరం పొగలో ఇంత వాటా పల్లె పొయ్యిలదీ, పొలాల మంటలదీ అన్నారు. నేను లేచి బ్లాంకు ఎంత వచ్చిందండీ అని అడిగాను. “అవన్నీ టెక్నికల్ విషయాలమ్మా, ఇక్కడెందుకు” అన్నారు. ఆ వాటా తప్పని నేను అనలేదు. ఇప్పుడూ అనను. కట్టెల పొగ తక్కువదేమీ కాదు. పుణె దగ్గర సింహగఢ్‌లోనూ, మాల్దీవుల్లోని హనిమాధూలోనూ పట్టిన నమూనాలతో 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాను కమ్మే గోధుమరంగు పొగ మేఘంలోని కార్బన్ రేణువుల్లో మూడింట రెండు వంతులు కట్టె, గడ్డి, పిడకల లాంటివి కాలినందువల్లే వచ్చాయని తేల్చింది. 2019లో ఢిల్లీ మసి మీద వచ్చిన మరో పరిశోధన ప్రకారం శీతాకాలపు రోజుల్లో సుమారు 40 శాతం అలాంటిదే. ఎండాకాలంలో శిలాజ ఇంధనాలదే పైచేయి. నేను గౌరవించేది ఆ సింహగఢ్ వ్యాసంలోని ఒక పద్ధతిని. అచ్చమైన నల్ల మసిని విడదీయడానికి వాళ్లు రెండు వేర్వేరు దారులు వాడారు. ఒక దారిలో సుమారు సగం కట్టెలది అని వచ్చింది, ఇంకో దారిలో మూడింట రెండు వంతులు అని వచ్చింది. రెండూ అచ్చేశారు. నమూనాను సిద్ధం చేసే పద్ధతి మారితే జవాబు ఎంత మారుతుందో దాచకుండా చెప్పడం అది. మన నగరాల నివేదికల్లో నాకు కనపడనిది అదే.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పకుండా ఉండలేను. కట్టె అంటే అన్ని కట్టెలూ ఒకటి కాదు. అణుబాంబు పరీక్షల వల్ల 1963 నాటికి ఉత్తరార్ధగోళం గాలిలో రేడియో కార్బన్ దాదాపు రెట్టింపైంది. పరీక్షలు ఆగాక మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఐదారేళ్లలో ఎదిగే సరుగుడులో ఈ కాలపు గాలి ఉంటుంది. అరవై ఏళ్ల మామిడి చెట్టు కొట్టి పొయ్యిలో పెడితే దాని మధ్య వలయాల్లో ఆ బాంబుల నాటి గాలి ఉంటుంది. అంచేత ఈ ప్రాంతంలో జనం ఏ కట్టె కాలుస్తారో తెలియకుండా ఢిల్లీలోనో, స్వీడన్‌లోనో కూర్చుని లెక్క తేల్చడం కుదరదు. ఊళ్లో కట్టెల అడితి దాకా వెళ్లి అడగాల్సిందే. మేం వెళ్లేవాళ్లం.

రేడియో కార్బన్‌తో అన్నీ తేలవు కూడా. విశాఖకు ఈ చిక్కు మరీ ఎక్కువ. పోర్టులో బొగ్గు కుప్పల నుంచి లేచే పొడి, థర్మల్ కేంద్రం పొగ, రిఫైనరీ, ఓడలు, లారీలు, అన్నింటిదీ పాతిక కోట్ల ఏళ్ల పైబడినదో, కోట్ల ఏళ్ల నాటిదో చచ్చిన కార్బనే. ఆ యంత్రం ముందు అందరూ ఒకటే. వాళ్లను విడదీయాలంటే వేరే సాక్షులు కావాలి. ఓడల్లో మండే బరువైన నూనె వెనేడియం, నికెల్ గుర్తు వదులుతుంది. గంధకం ఐసోటోపులు సముద్రపు ఉప్పుతో వచ్చిన సల్ఫేట్‌ను పట్టిస్తాయి. సముద్రంలో ఆ కొలత ప్రపంచమంతా ప్లస్ 21 దగ్గరే ఉంటుంది, చిమ్నీల గంధకం చాలావరకు దానికి చాలా కింద ఉంటుంది. ఫిల్టర్ ముక్కను శుద్ధమైన నీళ్లలో నానబెట్టి, వడగట్టి, బేరియం క్లోరైడ్ చుక్కలు వేస్తే నీళ్లు పాలలా తెల్లబడి అడుగున బేరియం సల్ఫేట్ దిగుతుంది. ఈ పనంతటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. కనిపించని గాలి కళ్లముందు తెల్లటి ముద్దగా కూర్చుంటుంది.

సీసం సంగతి వేరు. దాని నాలుగు ఐసోటోపుల నిష్పత్తి గనిని బట్టి మారుతుంది. ఏ గని సీసమో, ఏ పెట్రోలులో కలిపిందో చెప్పొచ్చు. ఈ విద్యకు ఆద్యుల్లో ఒకరైన క్లెయిర్ ప్యాటర్సన్ భూమి వయసు కనుక్కోవడానికి రాళ్లలో సీసం కొలవబోయి, తన ప్రయోగశాల గాలిలో, బల్లల మీద, రసాయనాల్లో ఉన్న సీసమే తన లెక్కల్ని ముంచుతోందని గ్రహించాడు. ఏళ్ల తరబడి గదులు కడిగాడు, కాలిఫోర్నియాలో ప్రత్యేకంగా శుభ్రమైన ల్యాబ్ కట్టుకున్నాడు. 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని చెప్పగలిగాడు. ఇంత సీసం అసలు ఎక్కడి నుంచి వచ్చిపడుతోందని వెతికితే పెట్రోలు దగ్గర తేలింది. సీసం పెట్రోలుకు వ్యతిరేకంగా ఆయన మొదలుపెట్టిన పోరాటం ఆ కడుగుడులోంచే పుట్టింది. మన దేశంలో ఆ పెట్రోలు 2000లో ఆగింది. మా ల్యాబ్‌లోకి వచ్చిన ప్రతి కొత్త పిల్లకీ పంచ్ చేతికిచ్చే ముందు ఈ కథ చెప్పేదాన్ని.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. 130 నగరాలను అందులో చేర్చారు. ఆంధ్రప్రదేశ్ నుంచే 13, విశాఖ వాటిలో ఒకటి. ఖర్చులో పెద్ద భాగం రోడ్డు దుమ్ము మీద పోయింది, ఊడ్చే యంత్రాలకూ, నీళ్లు చల్లే బండ్లకూ. సన్నని రేణువులకు మన వార్షిక పరిమితి ఘనమీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 5. నడిరోడ్డు మీద బోర్డులు ఇప్పుడు ఆ అంకెను గంటగంటకూ చూపిస్తున్నాయి. ఎంత పొగ అన్నది చూపిస్తున్నాయి, ఎవరి పొగ అన్నది కాదు. మాన్యువల్ కేంద్రాల్లో వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 రోజులు ఫిల్టర్లు పెడతారు. వాటిలో గ్లాస్ ఫైబర్‌వి కార్బన్ పరీక్ష వేడికి తట్టుకోవు. టెఫ్లాన్‌వి లోహాలకు పనికొస్తాయి గానీ టెఫ్లానే కార్బన్‌తో చేసింది. అంటే ఇన్నేళ్లుగా పీల్చిన గాలిలో పొగ ఎవరిదో చెప్పగలిగిన సాక్షిని మనం చాలాచోట్ల దాచుకోనే లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి నగరంలో కనీసం ఒక కేంద్రంలో వారానికి ఒకసారి కాల్చి శుద్ధి చేసిన క్వార్ట్జ్ ఫిల్టర్ పెట్టండి. ప్రతి పదింటికీ ఒక బ్లాంకు పెట్టండి. పరీక్షకు ఎంత వాడినా ప్రతి ఫిల్టర్‌లో పావు వంతు రేకులో చుట్టి ఫ్రీజర్‌లో దాచండి, పడేయకండి. అన్నింటినీ యాక్సిలరేటర్‌కు పంపమని కాదు, అంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. ఇవాళ అడగలేని ప్రశ్నను పదేళ్ల తర్వాత అడగడానికి ఆ ముక్క ఉండాలి. వాటాలు చెప్పే ప్రతి నివేదికలో మొదటి పేజీలోనే బ్లాంకు కొలత అచ్చేయాలి. ఎన్ని నమూనాలు పడేశారో, ఎందుకు పడేశారో కూడా రాయాలి. ఇది చేసే మనుషుల్ని ఆరు నెలల కాంట్రాక్టు మీద తీసుకుని పంపేయకూడదు. ఫర్నేస్ తలుపు మీద వేడి చెయ్యి పెట్టకుండానే పసిగట్టడానికి, వారగా ఉన్న తలుపును చూడగానే గుండె గుభేలుమనడానికి ఏళ్లు పడుతుంది. ఆ మనిషి వెళ్లిపోతే ఆ భయం కూడా వెళ్లిపోతుంది.

ఇదంతా సాగదీత, పొగ ఉందని తెలిసీ ఇంకా పరీక్షలంటారేమిటి అనేవాళ్లున్నారు. నిజమే, బొగ్గు కుప్పల మీద పట్టాలు కప్పడానికి ఏ ఐసోటోపూ అక్కర్లేదు. రేపే కప్పొచ్చు. కానీ పొయ్యి పొగ మానమని పల్లె మనిషికి, గడ్డి కాల్చితే జరిమానా అని రైతుకు చెప్పేముందు, సాక్ష్యం శుభ్రంగా ఉందని చూపించాల్సిన బాధ్యత చెప్పేవాళ్లదే. సిలిండరు కొనలేనివాళ్ల దగ్గరికి నా సాంబ్రాణి పొగతో కలిపిన లెక్క పట్టుకుని పోలేం.

పోయిన వేసవిలో ల్యాబ్ ఫ్రీజర్ కంప్రెసర్ కాలిపోయింది. నాకు ఫోన్ వస్తే వెళ్లాను. రేకు పొట్లాలున్న స్టీలు డబ్బాల్ని ఐసు పెట్టెల్లో సర్ది, ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీలో తొమ్మిది రోజులు ఉంచాం. వాళ్లు అద్దె అడగలేదు. వాటిలో ఒక భోగి నాటి ఫిల్టర్ ఉంది. జ్ఞానాపురం డాబా, ముందు రోజు సాయంత్రం ఆరు నుంచి భోగి ఉదయం ఆరు దాకా. ఆ తెల్లవారుజామున వీధిలో కట్టెలూ పిడకలూ మండాయి, రెండు సందుల అవతల టైర్లు కూడా మండాయి. ఏది ఎంతో ఆ కాగితానికి తెలుసు. దాన్ని ఇంకా ఎవరూ యంత్రం దగ్గరికి పంపలేదు. దాని పక్కనే, అదే తేదీ రాసిన రేకులో, దాని బ్లాంకు కూడా ఉంది.